పబ్లిక్ గార్డెన్స్‌లో ఆదివారాలు

2004లో డిగ్రీ అయిపోయిన మా బ్యాచ్‌లో సగం మంది అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ తిరుగుతుండేవాళ్ళు. ఒకరు జావా, ఒకరు టెస్టింగ్ టూల్స్, మా పిన్ని కొడుకు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. నేను సైన్ లాంగ్వేజ్ నేర్చుకుంటానని చెప్తే నాన్న చదువుతున్న పేపర్ మడిచి పక్కన పెట్టి, "అది నేర్చుకుంటే ఏమొస్తుందమ్మా?" అన్నారు. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగారు. నాకూ తెలీదు. ఫీజు చాలా తక్కువని మాత్రం చెప్పాను. దానికి ఒప్పుకున్నారు.

సేవ చేద్దామన్న గొప్ప ఉద్దేశం ఏమీ లేదు నాకు. అప్పట్లో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. కింది పోర్షన్‌లో అద్దెకున్న వాళ్ళమ్మాయికి పుట్టుకతో వినపడదు. నా ఈడుదే. ఇంట్లో ఎప్పుడు చూసినా తల దించుకుని బియ్యం ఏరుకుంటూనో, జాకెట్టుకి హెమ్మింగ్ చేసుకుంటూనో కనబడేది. మనం ఏదైనా అడిగితే వాళ్ళమ్మే జవాబు చెప్పేది. "దానికేం తెలీదమ్మా, ఒట్టి అమాయకురాలు" అనేది కూడా. ఒకరోజు సాయంత్రం చైతన్యపురి బస్టాపులో ఆ అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్ళతో నిలబడి ఉంది. చేతులు ఆగడం లేదు. ఒకమ్మాయిని ఆటపట్టిస్తోంది, ఇంకో అమ్మాయిని దబాయిస్తోంది. మధ్యలో ఎవరిదో నడక అనుకరించి చూపించింది. నడుము మీద ఒక చెయ్యి, ఇంకో చేతిలో లేని గొడుగు, రెండడుగులకోసారి వెనక్కి తిరిగి చూడ్డం. మిగతా ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నడక నేను వెంటనే గుర్తుపట్టాను. అది మా నాన్నది.

మిగతాదంతా ఏం చెప్పిందో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. అలా మొదలైంది.

క్లాసు మారేడ్‌పల్లిలో, ఒక మేడ మీద గది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి 107 ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి నడక. పాఠం చెప్పేది ఒక మాస్టారు. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. అప్పటికే నలభై దాటి ఉంటాయి. పుట్టుకతో బధిరులు, కరీంనగర్ వైపు పల్లెటూరు. పగలు ప్రింటింగ్ ప్రెస్‌లో పని, సాయంత్రం మాకు పాఠం. కుర్రతనంలో కంపోజిటర్‌గా చేరారట. సీసం అక్షరాలు కేసులోంచి ఒక్కొక్కటే ఏరి, గుణింతాలూ ఒత్తులూ పేర్చి, అద్దంలోలాగా తిరగబడి ఉన్న పేజీని గడగడా చదివి తప్పులు పట్టడం. పేజీలు కంప్యూటర్‌లోనే కట్టే డీటీపీ వచ్చి ఆ పని పోయాక పేజ్‌మేకర్, అను ఫాంట్స్ నేర్చుకుని అదే ప్రెస్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. బధిరుల బడుల్లో ఎక్కువగా నేర్పేది ఇలాంటి చేతిపనులే: కంపోజింగ్, బైండింగ్, టైలరింగ్, వడ్రంగం. అందుకే ఆ తరం వాళ్ళలో ఎవర్ని కదిపినా ఈ నాలుగింట్లో ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. నా నోట్స్‌లో తెలుగు మాటలకి ఆయన ఎర్ర సిరాతో ప్రూఫ్ దిద్ది ఇచ్చేవారు. అడగకపోయినా దిద్దేవారు.

గదిలోకి అడుగు పెట్టాక గొంతు వాడకూడదన్నది ఒకటే రూల్. ఫ్యాను చప్పుడు, కింద రోడ్డు మీద ఆటోల హారన్లు తప్ప ఇంకేం వినబడేది కాదు. మమ్మల్ని పిలవాలంటే ఆయన కాలితో నేల మీద కొట్టేవారు, లేదంటే లైటు స్విచ్ రెండుసార్లు వేసి తీసేవారు. మొదట్లో నాకు పెద్ద చిక్కు వచ్చింది. ఎదుటి మనిషిని 'మీరు' అనాలంటే చూపుడు వేలు అతని వైపు చూపించాలి. పెద్దవాళ్ళ వైపు వేలు చూపించకూడదని చిన్నప్పట్నుంచి నేర్చుకున్న చెయ్యి కదా, మాస్టారి దాకా వచ్చేసరికి సగంలోనే ఆగిపోయేది. ఆయన నా వేలు పట్టుకుని తన ఛాతీ మీద పొడిపించుకున్నారు. క్లాసంతా నవ్వు.

అక్షరాలు రెండు చేతులతో. ఇంగ్లిష్ అచ్చులు ఐదూ ఎడమ చేతి ఐదు వేళ్ళ కొసల మీద ఉంటాయి. బొటనవేలు ఏ, చూపుడు వేలు ఇ, అలా చిటికెన వేలు యూ దాకా. బస్సులో కూర్చుని షాపుల బోర్డులన్నీ వేళ్ళ మీద చదువుకుంటూ పోయేదాన్ని. పక్కన కూర్చున్న పెద్దావిడ ఒకరోజు "జపం చేసుకుంటున్నావా తల్లీ" అని అడిగింది. మగవాళ్ళంటే మీసం, ఆడవాళ్ళంటే ముక్కుపుడక. బొటనవేలు పైకి ఎత్తితే మంచి, చిటికెన వేలు చూపిస్తే చెడు. ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. వచ్చేశాయి కదా అని అందరూ సంబరపడతారు. అసలు కష్టం వాక్యంలో ఉంది, అంతకంటే ముఖంలో ఉంది.

వాక్యం విషయంలో తెలుగువాళ్ళకి కొంత సుఖం. ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో క్రియ చివర్లో వస్తుంది. లేదు, కాదు అనేవి దాని తర్వాత. ప్రశ్న కూడా చివర్లోనే. ప్రశ్నకి ఒకే సైన్ ఉంటుంది. చోటు చూపించి అది వేస్తే ఎక్కడ, ముఖం చూపించి వేస్తే ఎవరు, టైమ్ చూపించి వేస్తే ఎప్పుడు. మా క్లాసులో కాన్వెంట్లో చదువుకున్న అబ్బాయి ఒకడు ఇంగ్లిష్ వరసలో సైన్లు పేర్చుకుంటూ, 'ఈజ్' ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకునేవాడు. ఆ మాటే అక్కర్లేదని వాడికి అర్థమవడానికి చాలా రోజులు పట్టింది.

ముఖం మాత్రం అందరికీ సమానంగా కష్టమే. అవునా కాదా అని అడగాలంటే కనుబొమ్మలు పైకి లేవాలి, మనిషి కాస్త ముందుకి వంగాలి. కనుబొమ్మలు లేవకపోతే అది ప్రశ్నే కాదు, సమాచారం. 'రేపు వస్తావా' అని నేను అడుగుతుంటే 'రేపు వస్తావు' అని ఆజ్ఞ వేసినట్టు ఉండేదట. కూచిపూడి నేర్చుకున్న అమ్మాయి ఒకర్తి మాతో ఉండేది. ముఖం ఆడించడంలో తనని మించినవాళ్ళు లేరు. కానీ మధ్యలో అలవాటుగా హస్తముద్రలు దొర్లిపోయేవి. 'అన్నం తిన్నావా' అని అడగబోయి ఏదో తామరపువ్వు పట్టేది. మాస్టారు ఆ పువ్వుని వాసన చూసినట్టు నటించి, పక్కన పారేసి, మళ్ళీ చెప్పమనేవారు.

ఒకరోజు ఆయన బోర్డు మీద మూడు మాటలు రాశారు: పాప, బాబా, మామ. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, గొంతు లేకుండా పెదాలతో వీటిలో ఏదో ఒకటి అనాలి, అవతలివాళ్ళు ఏమన్నారో చెప్పాలి. మీరూ అద్దం ముందు ప్రయత్నించండి. మూడింటికీ పెదాలు ఒకే తీరుగా మూసుకుని తెరుచుకుంటాయి. మాలో ఎవరూ చెప్పలేకపోయాం. అప్పుడాయన కింద రాశారు: "నాకు పదో తరగతి దాకా ఇలాగే చెప్పారు."

ఆయన చదివిన బడిలో క్లాసులో చేతులతో మాట్లాడితే దెబ్బలు. చేతులు కట్టుకుని కూర్చోబెట్టి, టీచర్ గొంతు మీద పిల్లవాడి చెయ్యి ఆనించి ఆ అదురు పట్టుకోమనేవాళ్ళు. నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని, అది కదిలితే 'ప', కదలకపోతే 'బ'. ఇది ఆ ఒక్క బడి పిచ్చి కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు గురించి ఒక పెద్ద సభ పెట్టి, సైగలు మానిపించి నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళు దాదాపు అందరూ వినపడేవాళ్ళే. దాని నీడ కరీంనగర్ కుర్రాడి వీపు దాకా వచ్చింది. ఆ తీర్మానాలు చెల్లవని అదే వరస సభల్లో ప్రకటించింది 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో. అంటే నూటముప్పై ఏళ్ళ తర్వాత.

మరి ఆయనకి ఈ భాష ఎలా వచ్చిందీ అంటే, హాస్టల్లో. రాత్రి వార్డెన్ పడుకున్నాక పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి నేర్పేవాళ్ళు. వరండాలో బల్బు ఉన్నంత మేరా చేరేవాళ్ళు. "బడిలో నేను మూగవాణ్ణి, హాస్టల్లో వాగుడుకాయని" అనేవారు మాస్టారు. బధిర పిల్లల్లో చాలా మంది తల్లిదండ్రులు వినపడేవాళ్ళే కాబట్టి ఈ భాష ఇంట్లో అమ్మ దగ్గర వచ్చేది కాదు. తోటివాళ్ళ దగ్గర్నుంచి, కళ్ళెదురుగా ఉన్నప్పుడే వచ్చేది.

అందుకే ఆదివారాలు.

మాస్టారు మమ్మల్ని మొదటి నెలలోనే పబ్లిక్ గార్డెన్స్‌కి రమ్మన్నారు. క్లాసులో వచ్చేది పాఠం, భాష అక్కడొస్తుందన్నారు. నాంపల్లి స్టేషన్ పక్కనే కాబట్టి ఊరు నాలుగు వైపుల నుంచీ బస్సులుంటాయి. లోపల లాన్ ఉంది, చెట్ల నీడ ఉంది, డబ్బులక్కర్లేదు. మధ్యాహ్నం దూరదర్శన్‌లో బధిరుల కోసం వచ్చే వార్తలు చూసుకుని, అన్నం తిని, మూడు నాలుగింటికల్లా ఒక్కొక్కరే చేరేవాళ్ళు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే ఆయన, చార్మినార్ వైపు షేర్వాణీలు కుట్టే కుర్రాడు, ముషీరాబాద్ నుంచి ఒక కార్పెంటరూ వాళ్ళావిడా, అల్వాల్ నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరు. మా కింది పోర్షన్ అమ్మాయి కూడా అక్కడే కనబడింది. నన్ను చూసి ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత నాన్న నడక నాకే నడిచి చూపించింది.

అందరూ గుండ్రంగా నిలబడేవాళ్ళు. గుండ్రంగా ఉంటేనే అందరి చేతులూ అందరికీ కనబడతాయి. కొత్తవాళ్ళు రాగానే వలయం చెప్పకుండానే వెడల్పయ్యేది. వార్తలన్నీ అక్కడే. రైల్వేలో నోటిఫికేషన్ పడింది, 1995 వికలాంగుల చట్టం ప్రకారం వినికిడి లోపం ఉన్నవాళ్ళకి 1 శాతం రిజర్వేషన్ ఉంది, చివరి తేదీ ఫలానా. వినికిడి యంత్రం బ్యాటరీ కోఠీలో ఏ షాపులో చవక. ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరిది చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో, వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి పిల్లవాణ్ణి తీసుకెళ్తే ఏ రోజు వెళ్ళాలి, ఏ కాగితాలు కావాలి. (ఆ సంస్థ ముఖ్య కార్యాలయం బొంబాయి బాంద్రాలో, 1983లో పెట్టారు. పేరు మాత్రం మన హైదరాబాదాయనది, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేసినాయనది.) పేపర్లో వచ్చినా, రేడియోలో చెప్పినా, ఇంట్లో మాట్లాడుకున్నా అందనివన్నీ వారానికోసారి ఆ లాన్ మీద అందేవి.

సినిమా కథలు మాత్రం షేర్వాణీల కుర్రాడి సొత్తు. అవి ఫ్యాక్షన్ సినిమాల రోజులు. సబ్‌టైటిల్స్ లేవు, డైలాగులు ఎలాగూ అందవు. వీడు శనివారం సెకండ్ షో చూసి వచ్చి ఆదివారం మొత్తం ఆడించేవాడు. ఒక అరచెయ్యి సుమో అయ్యేది, దాని వెనకే ఇంకో అరచెయ్యి ఇంకో సుమో. మట్టిరోడ్డు గతుకులకి రెండు చేతులూ ఎగిరెగిరి పడుతూ వచ్చేవి. ముందు సుమో బ్రేక్ వేసేది. తలుపు తెరుచుకునేది, ముందు ఒక కాలు మాత్రం దిగేది. అక్కడ ఆపి మా అందరి వైపూ ఒకసారి చూసేవాడు. తర్వాత ఆ కాలి మీంచి కెమెరా నెమ్మదిగా పైకి వెళ్ళేది, పంచె, వాచీ, మీసం, కళ్ళు. హీరో తొడ కొడితే అటువైపు సుమో గాల్లోకి లేచి మూడు పల్టీలు కొట్టి మా కాళ్ళ దగ్గర పడేది. ఆ సినిమా తర్వాత నేను చెవులతో కూడా చూశాను. వీడు చెప్పిందే బాగుంది.

చీకటి పడుతుంటే వాచ్‌మన్ విజిల్ వేసుకుంటూ వచ్చేవాడు. అతని విజిల్ విన్నదాన్ని నేనొక్కదాన్నే. అందరికీ చెప్పాల్సిన బాధ్యత నాది, ఆ ఒక్క పనికీ నన్నెవరూ మెచ్చుకోలేదు. గేటు బయట వీధిలైటు కింద ఇంకో గంట. అక్కణ్ణుంచి ఇరానీ హోటల్. గుండ్రటి పాలరాతి బల్ల సైన్ చేసేవాళ్ళ కోసమే చేయించారా అనిపించేది. టీ కప్పు చేతిలో ఉంటే నత్తిగా మాట్లాడాల్సి వస్తుందని అందరూ సాసర్లో పోసుకుని ఒక్క గుక్కలో కానిచ్చేసేవాళ్ళు. వెళ్ళొస్తామన్న తర్వాత అసలు కబుర్లు మొదలయ్యేవి. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, కండక్టర్ అరుస్తుంటే, కిటికీలోంచి చేతులు బయట పెట్టి మరీ ముగించేవాళ్ళు. బస్సు కదిలాక కూడా, కనుచూపు మేరా మాట అందుతుంది వాళ్ళకి.

పేరు కూడా అక్కడే పెట్టారు. సైన్ పేరు మనంతట మనం పెట్టుకోకూడదు, బధిరులు ఇవ్వాలి. మాస్టారి పేరు కుడి కనుబొమ్మ మీద ఉన్న గాటు. నాది, ముక్కు మీంచి జారే కళ్ళజోడుని వేలితో పైకి తోసుకోవడం. ఇప్పుడు కాంటాక్ట్ లెన్సులు వాడతాను. పేరు మారలేదు.

తర్వాత్తర్వాత నేను ఇంటర్‌ప్రెటర్‌గా తిరగడం మొదలుపెట్టాను. డబ్బులు పెద్దగా రాలేదు, నాన్న అడిగిన ప్రశ్న నిజమే. ఆసుపత్రులు, బ్యాంకులు, ఇంటర్వ్యూలు. ఒకసారి సదరం సర్టిఫికెట్ల క్యాంపుకి వెళ్ళాను. వినికిడి లోపం ఎంత శాతమో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే రోజు. హాలు నిండా వినపడనివాళ్ళు. గుమ్మం దగ్గర ఒకతను కాగితం చూసి పేర్లు పిలుస్తున్నాడు. గట్టిగానే పిలుస్తున్నాడు, పాపం. మూడుసార్లు పిలిచి, పలక్కపోతే 'ఆబ్సెంట్' అని రాసేస్తున్నాడు. నేను వెళ్ళి ఆ కాగితం అడిగి తీసుకుని, పేర్లు పెద్దక్షరాలతో అట్టముక్క మీద రాసి చూపించడం మొదలుపెట్టాను. అంతకు ముందు 'ఆబ్సెంట్' అయిన వాళ్ళంతా అతని ముందు వరస బెంచీలోనే కూర్చుని ఉన్నారు.

ఆసుపత్రిలో అయితే ఇంటివాళ్ళతోనే సమస్య. డాక్టర్ పది వాక్యాలు చెప్తాడు. పక్కనున్న అన్నయ్య, "ఏం లేదంట, మందులు వాడమన్నాడు" అని రెండు చేతులు ఊపేస్తాడు. తర్వాత చెప్తాలే అంటాడు. ఆ తర్వాత అనేది రాదు. పండక్కి ఇల్లంతా కూర్చుని నవ్వుకుంటుంటే ఏంటని అడిగినా అదే జవాబు. నేను వచ్చి డాక్టరన్న పది వాక్యాలూ పదిగానే చెప్తుంటే, కొంతమంది అన్నయ్యలకి నా మీద కోపం వచ్చేది.

షేర్వాణీల కుర్రాడికీ, అల్వాల్ చెల్లెలికీ పెళ్ళి కుదిరింది. ఆదివారాల పుణ్యమే. ఉప్పల్లో ఫంక్షన్ హాలు. పెళ్ళిలో ఇంటర్‌ప్రెటర్ ఎందుకని పెళ్ళికూతురి మేనమామకి అనుమానం. నేను పీటల ముందు, వాళ్ళిద్దరి చూపు పడే చోట నిలబడాలి. వీడియో అతను లైటు నా నెత్తి మీద పెట్టి, "మేడమ్, ఫ్రేమ్‌లోకొస్తున్నారు, జరగండి" అని ఒకటే గోల. పంతులుగారేమో "అబ్బాయిని ఆవిడ వంక కాకుండా దేవుడి వంక చూడమనండమ్మా" అంటారు. మధ్యలో పెళ్ళికొడుకు నన్ను అడిగాడు, ఆయన ఇప్పుడు ఏం చదువుతున్నారు అని. సంస్కృతం. నాకేం తెలుసు? పంతులుగారి చెవిలో అడిగాను.

ఆయన మంత్రం ఆపారు. నా వంక చూశారు, వాడి వంక చూశారు. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా" అని మొదలుపెట్టారు. ధర్మంలో, సంపాదనలో, కోరికల్లో ఈమెని దాటిపోనని నువ్వు మాట ఇస్తున్నావు, ఇవ్వగలవా అని తెలుగులో అడిగారు. నేను కనుబొమ్మలు బాగా పైకి లేపి సైన్ చేశాను. వాడు ఆలోచించాడు. నిజంగానే కాసేపు ఆలోచించి, తర్వాత తలూపాడు. వెనక వరసల్లో ఉన్న ఆడవాళ్ళు కబుర్లు ఆపి ముందుకొచ్చారు. పంతులుగారికి హుషారొచ్చి ప్రతిదానికీ అర్థం చెప్పడం మొదలుపెట్టేసరికి మేనమామ వాచీ చూసుకుంటూ "స్వామీ, ముహూర్తం దాటిపోతోంది" అని ఒకటే టెన్షన్. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి గట్టిమేళం మోగింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టి ఉన్నారు. చేతులు రెండూ అక్కడ ఉంటే మాట్లాడేదెలా? తెర తీయగానే పెళ్ళికూతురు కనుబొమ్మలతోనే ఏదో అడిగింది, వాడు నవ్వాపుకోలేకపోయాడు. ఏం అడిగిందో ఈ రోజుకీ చెప్పరు. హాలు కుడివైపంతా బధిర స్నేహితులు, వరంగల్ నుంచీ విజయవాడ నుంచీ వచ్చినవాళ్ళు. అందరూ రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఆడించారు. అది వాళ్ళ చప్పట్లు.

ఆ రాత్రి హాలువాళ్ళు లైట్లు ఆర్పేస్తే మాటలు ఆగిపోతాయని అందరూ జనరేటర్ పక్కనున్న ఒకే ఒక్క బల్బు కింద చేరి తెల్లవారుజాము దాకా కూర్చున్నారు. జనరేటర్ చప్పుడుకి చెవులు చిల్లులు పడింది నాకూ, పెళ్ళికూతురి తండ్రికీ మాత్రమే.

వారం మధ్యలో వాళ్ళకి దిక్కు ఎస్సెమ్మెస్. మనకి అది సరదా, వాళ్ళకి టెలిఫోన్. మెసేజ్ ప్యాక్ వేసుకుంటే చవక. కానీ ఉగాదికో, దీపావళికో, జనవరి ఒకటికో ప్యాక్ పనిచేసేది కాదు, ప్రతి మెసేజ్‌కీ పూర్తి రేటు. అందరూ పలకరించుకునే రోజునే వీళ్ళ నోటికి టిక్కెట్టు. 2011 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకి 100 మెసేజ్‌లని హద్దు పెట్టింది, తర్వాత దాన్ని 200 చేశారు. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులంటూ పుకార్లు లేచి, వాళ్ళంతా రైళ్ళెక్కి వెళ్ళిపోతున్నప్పుడు, కేంద్రం మెసేజ్‌ల మీద ఆంక్ష పెట్టింది. రోజుకి ఐదు. కొన్నాళ్ళకి ఇరవై చేశారు. పుకార్లు ఆపడానికే, కాదనను. కానీ రోజుకి ఐదు మాటలే మాట్లాడమని మనకెవరైనా చెప్తే ఊరుకుంటామా? మాస్టారు మాత్రం ఒక మెసేజ్‌లో పట్టే 160 అక్షరాల్లో నలుగురికి నాలుగు కబుర్లు ఇరికించి ఒకరికి పంపి, మిగతావాళ్ళకి చూపించమనేవారు. లైను పొడవు ఎంతో, అందులో ఎంత పడుతుందో తెలిసిన కంపోజిటర్ కదా.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా ఫ్రీ. ఒక్క నెలలో అంతా మారిపోయింది. ఎంఎంటీఎస్‌లో నిలబడి, ఫోన్ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో వీడియో కాల్‌లో మాట్లాడుకునే కుర్రాళ్ళు ప్రతి బోగీలో కనబడేవాళ్ళు. రెండు చేతుల సైన్లని ఒంటిచేత్తో చెప్పడం వాళ్ళే కనిపెట్టుకున్నారు. పెళ్ళై బొంబాయి వెళ్ళిన కూతురితో తల్లి రోజూ మాట్లాడగలిగింది. కరోనాలో మాస్కులొచ్చి అందరి ముఖాలూ సగం మాయమైనప్పుడు కూడా ఫోన్ తెర మీద పూర్తి ముఖం దొరికేది.

మరి పబ్లిక్ గార్డెన్స్‌లో వలయం చిన్నదైపోయింది. ముందు కుర్రాళ్ళు మానేశారు, తర్వాత దూరం వాళ్ళు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మాస్టారూ, రైల్వే ఆయనా ఇద్దరే ఉన్నారు. ఇద్దరికి వలయం ఎందుకని బెంచీ మీద కూర్చున్నారు. చెరో ఫోన్‌లో చెరో మనిషితో మాట్లాడుకుంటున్నారు.

నాకు ఆ పాత ఆదివారాలంటే ప్రాణం. ఈ మాట మాస్టారితో అంటే మండిపడ్డారు. "నీకేం, నువ్వు ఇంటికెళ్ళి ఫోన్ ఎత్తితే చెల్లెలితో మాట్లాడొచ్చు. మేం ఒక్క మాట కోసం వారం రోజులు ఆగి, రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళం. వర్షం పడితే ఆ వారం మాటే లేదు. మా అమ్మ పోయిన కబురు నాకు రెండు రోజులకి చేరింది. అది నీకు అందంగా కనబడుతోందా?" ఆయన చేతులు అంత వేగంగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. ఏం అనగలను? అయినా నాకు బాగానే ఉండేది, ఆ మాట వెనక్కి తీసుకోను. వాళ్ళకి గతిలేక వచ్చే చోటు కావచ్చు, నేను భాష నేర్చుకున్నది అక్కడే. ఈ రోజు వీడియోలు చూసి నేర్చుకునే పిల్లల సైన్లు శుభ్రంగా ఉంటాయి. కానీ సుమో రోడ్డు మీద ఎలా గెంతుతుందో వాళ్ళకి రాదు.

ఇప్పుడు సౌకర్యాలు చాలా వచ్చాయి. మేం నోటుబుక్కులో చేతుల బొమ్మలు గీసుకుని, బాణం గుర్తులు వేసుకుని నేర్చుకున్నాం. ఢిల్లీలో 2015లో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ కోసం కేంద్రం పెట్టిన సంస్థ 2018 మార్చిలో 3,000 మాటలతో వీడియో డిక్షనరీ తెచ్చింది. 2021కి అవి 10,000 అయ్యాయి. మాస్టారు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసి, తమ హాస్టల్ సైన్లు కొన్ని అందులో లేవని ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు. ఊళ్ళో డెఫ్ ఎనేబుల్డ్ ఫౌండేషన్ లాంటివి బధిరులే నడుపుతున్నారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో బధిర న్యాయవాది సారా సన్నీ ఇంటర్‌ప్రెటర్ సాయంతో వాదించినప్పుడు, ఆ క్లిప్పింగు మాస్టారు నాకు రాత్రి పదకొండింటికి పంపారు. కింద ఒకటే మాట: "ఇంటర్‌ప్రెటర్ చొక్కా రంగు బాగుంది." ఒంటి రంగుకి ఎదురుగా నిలిచే ముదురు రంగు, డిజైన్ లేని బట్ట వేసుకోమని మాకు పాఠం చెప్పిన మనిషి కదా, ముందు అదే కనబడింది ఆయనకి.

ఇది రాస్తున్నానని తెలిసి చూపించమన్నారు. చదివి, మామూలుగానే ఎర్రగీతలు గీసి ఇచ్చారు. చివర్లో ఒక సంగతి చేర్చమన్నారు. పోయిన నెల ఆయన ఏటీఎం కార్డు పోయింది. బ్లాక్ చేయించాలంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మాట్లాడాలన్నారు. కోడలు మాట్లాడితే "ఖాతాదారు గొంతే వినిపించాలి" అన్నారు. ఖాతాదారుకి వినపడదు, మాట్లాడరు అంటే, "అయితే ఆయన్నే ఒకసారి లైన్లోకి రమ్మనండి మేడమ్" అన్నారట. బ్రాంచికి వెళ్ళి, కౌంటర్ ముందు కాగితం మీద రాసి చూపించి, మధ్యాహ్నం దాకా కూర్చుంటే పని అయింది. కొరియర్ కుర్రాళ్ళు కూడా అంతే, గుమ్మంలో నిలబడి ఫోన్ చేస్తారు, ఎత్తలేదని వెనక్కి తీసుకుపోతారు. "పబ్లిక్ గార్డెన్స్ గురించి నాలుగు పేజీలు రాశావు, దీనికి ఒక పేరా ఇవ్వు" అన్నారు. ఇచ్చాను.